పూటకూటింటి నుండి అమృత విలాస్ వరకు

రసములను లెక్కించుచు భరతముని శృంగారము వెంటనే హాస్యమును పేర్కొన్నాడు. మన విమర్శకులు మాత్రము దానిని విందుపంక్తిలో చిట్టచివర, చెప్పులు విడిచిన చోటికి దగ్గరగా కూర్చుండబెట్టుచు వచ్చినారు. నవ్వించిన రచనను చదివి సంతోషించుట, నవ్వు ఆగిన పిమ్మట అది తేలిక రచనయని పక్కకు నెట్టుట మనకు అలవాటైపోయినది. అచ్చయిన గ్రంథముల గతియే ఇట్లుండగా, టెలివిజనులో వారమున కొకసారి ప్రసారమైన హాస్య ధారావాహిక సాహిత్యపు పుటలో చర్చకు తగునా యని కొందరు పెద్దలు సందేహింపవచ్చును. తగునని చెప్పుటకు కారణములు కలవు. వానిలో మొదటిది జనులే ఇచ్చిన సాక్ష్యము.

2001 నవంబరు 18న జెమినీ టీవీలో ‘అమృతం’ మొదలైనది. గుణ్ణం గంగరాజు దానికి రూపకల్పన చేసి నిర్మించినారు. తొలి భాగములలో కొన్నింటికి చంద్రశేఖర్ ఏలేటి దర్శకత్వము వహించినారు. ఆదివారము రాత్రులు ప్రసారమైన ఈ ధారావాహిక ఆరు సంవత్సరములు నడచి, 2007 నవంబరులో 313 భాగములతో ముగిసినది. దీని కథకు కావలసిన సరంజామా చాల తక్కువ. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు స్నేహితులు ‘అమృత విలాస్’ అను చిన్న హోటలు నడుపుచుందురు. హోటలు సరిగా నడవదు. ఇంటి యజమాని అప్పాజీకి అద్దె విషయమున గల శ్రద్ధ మరి యే విద్యయందును లేదు. సప్లయరు సర్వం ఒకడు. ఇండ్లలో భార్యలు సంజీవిని, శాంత. ఒక్క దెబ్బతో ధనవంతులు కావలెనని స్నేహితులిద్దరు పథకము మీద పథకము వేయుదురు. ప్రతి పథకమును కూలిపోవును. గల్లాపెట్టె మొదట ఎట్లుండెనో చివరను అట్లే ఉండును.

ఇంతే కథ. ఐనను ప్రసారము ముగిసి ఇన్నేండ్లు గడచిన తరువాత గూడ జనులు దీనిని విడువలేదు. భాగములన్నియు యూట్యూబులోనికి వచ్చిన పిమ్మట, ఆదివారము కొరకు ఎదురుచూచిన నాటి పిల్లలు నేడు తమ పిల్లలను పక్కన కూర్చుండబెట్టుకొని చూచుచున్నారు. చూచినదే చూచుచున్నారు. ఏ మాట తరువాత ఏ మాట వచ్చునో ముందుగనే చెప్పుచు చూచుచున్నారు. ఆలోచింపదగిన విషయమిదియే.

ఈ ఆదరణమును పరిశీలించుటకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకంటె అనువైన ఊళ్ళు తక్కువ. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై మొదటి రెండు ఊళ్ళును బస్సులు ఆగు ఊళ్ళు. ప్రయాణికుడు దిగి ఇడ్లీ తిని, చాయ త్రాగి, మరల ఎక్కు నంతలో అక్కడివారి బ్రతుకుతెరువు గడచిపోవలెను. మిర్యాలగూడ ఆ దారికి పక్కగా నున్నది. నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో పండిన వడ్లను బియ్యము చేయు మిల్లుల పట్టణమది. ఒకచోట హోటలు గల్లా, ఒకచోట మిల్లు కాంటా. లెక్క చూచుకొనని దినము ఈ ఊళ్ళలో లేదు. ఉద్దెర పెట్టిపోయిన వాని పేరు, కిరాయి ఇయ్యవలసిన తేది, మానివేసిన వంట మాస్టరు, పొద్దుగాల రాని పాలడబ్బా: ఇవి ఇక్కడ నాటకములోని ఘట్టములు కావు, నిత్యకృత్యములు. ‘అమృత విలాస్’ కష్టములు వీరికి విడమరచి చెప్పనక్కర లేదు.

ఇంటిలో బొమ్మ చూచుట ఈ ఊళ్ళకు నాలుగు మెట్లలో వచ్చినది. 1980ల దశకములో వీడియో పెట్టెను ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, వాకిట చాప పరచి, వాడకట్టంతయు మూడు సినిమాలు చూచెడివారు. 1990లలో కేబులు తీగ ఇంటింటికి వచ్చినది. తరువాత సీడీ దుకాణముల కాలము నడచినది. 2016 తరువాత సెల్‌ఫోనులో డేటా చవుకయై ఆ దుకాణములు మూతబడినవి. ఈ మార్పులలో ఒక ముఖ్యమైన సంగతి కలదు. వీడియో పెట్టె నాడు ఇచ్చిన అద్దె గిట్టవలెనని జనులు కొత్త బొమ్మనే కోరిరి. నేడు వెల దాదాపు లేకపోవుటచే, చేతిలో లోకమంతయు నుండుటచే, మనిషి తాను నిజముగా ఏది కోరునో తెలిసిపోవుచున్నది. అలసి ఇంటికి వచ్చినవాడు కోరునది తరచుగా కొత్తది కాదు, తెలిసినది.

తెలిసిన హాస్యము రెండవసారి ఎట్లు నవ్వించును? చమత్కారమునకు ప్రాణము ఆశ్చర్యమని, ఆశ్చర్యము ఒక్కసారితో తీరిపోవునని వాదించువారు కలరు. సూర్యాపేటకు సమీపమున దురాజ్‌పల్లి గట్టుపై రెండేండ్ల కొకసారి జరుగు లింగమంతులస్వామి జాతరకు పోవువారికి స్వామి కథ తెలియనిది కాదు. చిందు భాగవతము చూచుటకు రాత్రంతయు మేలుకొను పల్లెవానికి హరిశ్చంద్రుని కథ చివరకు ఏమగునో తెలియును. అయినను పోవును, మేలుకొనును. కథ తెలిసినవాని దృష్టి ‘తరువాత ఏమగును’ అను తొందర నుండి విడివడి, ‘ఎట్లగుచున్నది’ అను దానిపై నిలుచును. పాత్ర కనురెప్ప వాల్చుట, మాటకు ముందు ఒక క్షణమాగుట, పక్కవాడు ఆ మాటను మ్రింగుకొనుట అప్పుడు కనబడును. ఇంటి వీడియో మనకు కొత్తగా ఇచ్చినది ఏమియు లేదు. జాతర ప్రేక్షకుని పాత ఓపికను అరచేతిలో తిరిగి పెట్టినది.

అయితే ప్రతి హాస్యమును ఈ రెండవ చూపునకు నిలువదు. లావుగా నున్నవాడు జారిపడుట, నత్తివాడు మాటాడలేకపోవుట, ఒక ప్రాంతమువాని యాసను వెక్కిరించుట — వీనితో ఒకసారి నవ్వు వచ్చును. రెండవసారి ఆ నవ్వినందుకు కొంత సిగ్గు వచ్చును. భరతుడు స్మితము మొదలు అతిహసితము వరకు నవ్వును ఆరు విధములుగా విభజించి, స్మితహసితములను ఉత్తమ పాత్రములకు కేటాయించినాడు. ఆ విభాగము నవ్వువాని గూర్చి చెప్పినది. నవ్వబడు వస్తువును గూర్చియు అట్టి విభాగమొకటి చేయవలసియున్నది. మనిషి శరీరమును నవ్వు హాస్యము అధమము. అతని తెలివితక్కువను నవ్వునది మధ్యమము. అతని ఆశను నవ్వునది ఉత్తమము; ఏలయనగా ఆశ ప్రేక్షకునకు గూడ ఉన్నది. అమృతరావు లక్షాధికారి కావలెనని కనిన కలను చూచి నవ్వువాడు తన జేబులోని లాటరీ టికెట్టును తడిమి చూచుకొనును. హాస్యము తననుండియు పుట్టును, ఇతరులనుండియు పుట్టునని ఆలంకారికులు చెప్పిన రెండు విధములును ఇచ్చట ఒకటియైపోవును.

ఆశ బయటపడుటకు పనిచోటు వంటి స్థలము మరియొకటి లేదు. ఇంటిలో మనిషి తన ఆశను దాచుకొనగలడు. పనిచోట అది దినమునకు పదిసార్లు లెక్కకు నిలువవలెను. ఈ సంగతి తెలుగు కవులకు తెలియనిది కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామము’లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను స్నేహితులిద్దరు ఓరుగంటి వీధులలో తిరుగుచు పూటకూటింటి ముచ్చట చెప్పుకొందురు. ఒక్క రూకకు దొరకు ఆ భోజనపు వర్ణన చదివినవానికి ఆకలి, నవ్వు రెండును కలుగును. ఇద్దరు స్నేహితులు, ఒక అన్నపు అంగడి, లోకమంతయు నడచిపోవు వీధి — మన హాస్యమునకు ఈ మూడును చాలునని నాడే తేలినది. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాసిన సురవరం ప్రతాపరెడ్డి ఈ కావ్యమును నాటి జనజీవితమునకు సాక్షిగా నిలిపినారు. నవ్వించు గ్రంథమును చరిత్రకారుడు ఆధారముగా గైకొన్నాడన్న మాట. రాజుల శాసనములు చెప్పని కూరల పేర్లు అది చెప్పినది.

అటుపిమ్మట గురజాడ ‘కన్యాశుల్కము’లో పూటకూళ్ళమ్మ వచ్చినది. గిరీశము ఆమె అన్నము తిని, ఆమె డబ్బు వాడుకొని, ఆమెనే మరచినవాడు. చీపురుకట్ట చేతబట్టి ఆమె మధురవాణి ఇంటికి వచ్చు ఘట్టమున ప్రేక్షకులు పడిపడి నవ్వుదురు. ఆ నవ్వులో కష్టించి వండిపెట్టిన యొక స్త్రీ బాకీ వసూలునకు బయలుదేరిన సంగతి మరుగున పడినట్లుండును గాని, పడదు. గురజాడ గొప్పతనమది.

ఆ తరువాతి మన హాస్యము ఎక్కువగా ఇంటిలో కూర్చున్నది. మునిమాణిక్యం వారి కాంతము సంసారమును నవ్వుల తోటగా చేసినది. మొక్కపాటి వారి పార్వతీశము ఊరు విడిచి సముద్రములు దాటినాడు. పానుగంటి సాక్షి సభలో నిలిచి ఉపన్యసించినాడు. ఇల్లు, ప్రయాణము, సభ నవ్వినవి. పనిచోటు మాత్రము మన కథలలో ఎక్కువగా కన్నీటికే నెలవైనది. ఆకలి, అప్పు, సమ్మె, తొలగింపు — ఇవి వ్రాయవలసినవే, వ్రాసినవారు గొప్పవారే. కాని పనిచేయువాడు దినమంతయు ఏడ్చుచు పనిచేయడు. మిల్లులో బస్తాలెత్తు హమాలీలు ఆడుకొను పరిహాసములు విన్నవాడెవడును అట్లనుకొనడు. ఆ నవ్వు లేనిచో బస్తా లేవదు. శ్రమలోని నవ్వును వదలిన సాహిత్యము శ్రమలో సగమునే చూపినది. ‘అమృతం’ చూపినది ఆ రెండవ సగము. తెరపై కడుపుబ్బ నవ్వించిన జంధ్యాల 2001 జూన్‌లో కన్నుమూసినారు. అదే సంవత్సరము నవంబరులో ఆరోగ్యకరమైన హాస్యమునకు ఈ చిన్న హోటలులో చోటు దొరకినది.

పనిచోటి హాస్యము మన సొంతమే కాదు. బ్రిటనులో జాన్ క్లీజ్, కానీ బూత్‌లు వ్రాసిన ‘ఫాల్టీ టవర్స్’ 1975, 1979 సంవత్సరములలో కలిపి పన్నెండు భాగములే వచ్చినది, నేటికిని చూచువారున్నారు. అదియు హోటలు కథయే. అందలి యజమాని అతిథులను చూచినచో మండిపడును. తన అంతస్తునకు తగని వృత్తిలో చిక్కుకొంటినని అతని కోపము. మన అమృతరావుకు అతిథిపై కోపము లేదు; అతిథియే రాడు. ‘అమృతం’ మొదలైన 2001లోనే అక్కడ ‘ది ఆఫీస్’, హిందీలో పంకజ్ కపూర్ నటించిన ‘ఆఫీస్ ఆఫీస్’ గూడ మొదలైనవి. మొదటిది తన గొప్పను తానే నమ్మిన అధికారిని, రెండవది లంచమునకు చేయిచాచు కచ్చేరీని నవ్వినవి. ఆ రెండింటను నవ్వునకు గురియైనది అధికారము. ‘అమృతం’లో ఎవరికిని అధికారము లేదు. అప్పాజీ సైతము అద్దె రానిచో దిగాలుపడు మనిషియే. అందరును సమానముగా చిక్కులలో నున్న చోట నవ్వు ఎవరిని గాయపరచదు. అలసినవాడు పడుకొనబోవు ముందు దీనినే వెదకుటకు ఇది కారణము.

పాత్ర బలమునకు వేరొక నిదర్శనము గలదు. అమృతరావు వేషమును మొదట శివాజీరాజా, పిమ్మట నరేశ్, ఆ తరువాత హర్షవర్ధన్ ధరించినారు. ముఖము మారినను ఆశ మారలేదు, ప్రేక్షకులు అంగీకరించినారు. ఆంజనేయులుగా మాత్రము గుండు హనుమంతరావు చివరివరకు నిలిచినారు. విజయవాడ నుండి వచ్చిన ఈ నటుడు 2018 ఫిబ్రవరిలో మరణించినపుడు, సినిమాలలో ఆయన వేసిన వందలాది వేషములకంటె ముందుగా జనుల నోట ‘అంజి’ యను పేరే వచ్చినది. 2020 ఉగాదినాడు జీ5 లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినపుడు ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ ధరించినారు. అంతకు పూర్వము 2014లో గంగరాజు స్వయముగా దర్శకత్వము వహించి ‘చందమామలో అమృతం’ అను చలనచిత్రము తీసినారు. మిత్రులను చంద్రమండలమునకు పంపినారు. ఆ చిత్రము ధారావాహిక వలె ఇంటింటి మాట కాలేదు. ఏల కాలేదో ఊహించుట కష్టము కాదు. చంద్రునిపై ఉద్దెర అడుగువాడు లేడు, వీధిలేదు, ఎదురింటివాడు లేడు. ఆశను నిలదీయు లెక్క లేనిచోట ఆశ వట్టి కల్పనయగును.

ఇంత చెప్పిన పిమ్మట ఈ ధారావాహికలోని లోటును గూడ చెప్పకున్న విమర్శ పూర్తి కాదు. ‘అమృతం’ హైదరాబాదు కథ. కాని ఆ హైదరాబాదులో హైదరాబాదు మాట చాల తక్కువ. ప్రధాన పాత్రల భాష అచ్చు పుస్తకములకు, సినిమాలకు అలవాటైన భాషయే. ఆ దినములలో తెలంగాణపు పలుకుబడి తెరపైకి తరచుగా రౌడీ నోటనో, నవ్వులపాలగు సేవకుని నోటనో వచ్చెడిది. ‘అమృతం’ ఆ పలుకుబడిని అవమానించి బ్రతికినది కాదు. ఐనను దానికి పీట వేసినదియు కాదు. సూర్యాపేట హోటలులో గల్లా మీద కూర్చున్నవాడు తన కష్టమును తెరపై చూచుకొన్నాడు. తన మాటను వినలేదు. తన బ్రతుకు వేరొకని నోట పలికినపుడు కలుగు సంతోషములో చిన్న వెలితి యుండును.

ఆ వెలితి ఇప్పుడు కొంత తీరుచున్నది. 2016లో వచ్చిన ‘పెళ్ళిచూపులు’ వంటచేయుట మీద మనసు గల యువకుని చేతికి బండి మీది హోటలు నిచ్చి, హైదరాబాదు యువకుల మాటను సహజముగా పలికించినది. 2023లోని ‘బలగం’ తెలంగాణ పల్లె ఇంటి భాషలో నవ్వించి ఏడిపించినది. ఇక కావలసినది పనిచోటు. మిర్యాలగూడ మిల్లులో తేమ కొలుచు యంత్రము ముందు రైతుకు, గుమాస్తాకు నడచు సంభాషణము; కోదాడ బస్టాండులో రెండు రాష్ట్రముల సరిహద్దు ముందు ఇరువైపుల మాటలును నేర్చిన పండ్లమ్ము స్త్రీ బేరము; సూర్యాపేటలో అర్ధరాత్రి దిగిన నలువది మందికి ఒకేసారి చాయ అందించు సప్లయరు చేతివాటము. ఇవన్నియు వ్రాయువాని కొరకు వేచియున్నవి. వీనిలో జారిపడువాడు లేడు, వెక్కిరింపు లేదు. ఆశయు లెక్కయు మాత్రము పుష్కలముగా నున్నవి.

కళాశాలలలో హాస్యరసమును బోధించుటకు శాస్త్ర లక్షణములు, కావ్యోదాహరణములు చాలునని మనము తృప్తిపడుచున్నాము. ‘క్రీడాభిరామము’ను పాఠముగా చెప్పుదినమున ‘అమృతం’ భాగమొకటి తరగతిలో చూపినచో కావ్యము చిన్నబోదు. మంచనశర్మ ఇంకను బ్రతికియున్నాడని విద్యార్థికి తెలియును. ఓరుగంటి పూటకూటింటి కూరలు మనకు మిగిలినవన్నచో ఒక రసికుడు వానిని వ్రాసిపెట్టినాడు గనుక మిగిలినవి. నేటి హోటళ్ళ నవ్వును వ్రాసిపెట్టు బాధ్యత నేటివారిది. అట్లు వ్రాయబడినది ‘అమృతం’. వీడియో గనుక తక్కువదనుట, తాళపత్రము గనుక గొప్పదనుట ఒక్క తీరు పొరపాట్లే.

రహదారి పక్క హోటలులో చివరి బస్సు వెళ్ళిపోవును. బల్లలు తుడిచి, కుర్చీలు తిరగవేసి, సప్లయరొకడు గోడకు ఆనుకొని ఫోను తెరచును. తెరమీద సర్వం ఒక చేత రెండు ప్లేట్లు పట్టుకొని వచ్చుచుండును. చూచినదే, ఐనను అతడు నవ్వును. దినమంతయు తాను చేసిన పనినే మరల చూచి మనిషి అలసిపోక సేదదీరుచున్నాడన్నచో, ఆ రచనలో ఏదియో సత్యమున్నది. తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదటి బస్సు వచ్చును. అంతలోపల అతడు మరియొక భాగము చూచును.